పోగు తెగితే చెయ్యెత్తాలి

చెవి ఆస్పత్రి. వినికిడి పరీక్ష గది తలుపు మూసి ఉంది. బయట బల్ల మీద వదిన, ఆమె ముందు అటూ ఇటూ తిరుగుతూ మరదలు. వదిన చేతుల్లో చిన్నపిల్ల చెప్పులు.

“అది కాదు వదినా, కన్నతల్లిని కూడా రానివ్వకపోవడమేంటి? ఆరేళ్ళ పిల్ల. ఒక్కతే ఏం చేస్తుంది లోపల?”

“ఇటు తిరిగి మాట్లాడు. గోడతో మాట్లాడితే నాకు సగమే అందుతుంది.”

“కన్నతల్లిని రానివ్వకపోవడమేంటీ అంటున్నా.”

“అది అందింది. తర్వాతది.”

“ఒక్కతే ఏం చేస్తుంది అన్నాను.”

“ఏం చేస్తుంది, కూర్చుంటుంది. ఆ పరీక్షలమ్మాయి ఉందిగా. నువ్వూ కూర్చో. అటూ ఇటూ అలా తిరుగుతుంటే మగ్గంలో నాడెని చూస్తున్నట్టుంది నాకు.”

“కిందటిసారి ఇద్దర్నీ రానిచ్చారు. పిల్లని మీ ఒళ్ళో కూర్చోబెట్టుకోమని వాళ్ళే చెప్పారు. ఇప్పుడేమో మనమేదో ఎత్తుకుపోయేవాళ్ళలాగా గుమ్మం దగ్గరే ఆపేశారు.”

“అప్పటి గది వేరు. ఇది కొత్తది. తలుపు మందం చూశావా? మన మగ్గాల షెడ్డుకి ఇలాంటి తలుపుంటే పక్కింటాయన ఈపాటికి మనతో మాట్లాడుతూ ఉండేవాడు.”

“మీకు ఇప్పుడు కూడా హాస్యమేనా?”

“ఏడవాల్సి వస్తే ఏడుద్దాం. ఇంకా కాగితం రాలేదుగా.”

“డాక్టరు మొన్న ఏమన్నారో మీరూ విన్నారుగా.”

“వినలేదు. చూశాను. ఆయన మాస్కు కిందికి లాగినప్పుడల్లా కొంచెం చూశాను. మిగతాది నీ మొహంలో చూశాను. ఇంకోసారి చెప్పు, వరసగా.”

“ఎన్నిసార్లు చెప్పించుకుంటారు?”

“నువ్వు మధ్యలో ఏడవకుండా చెప్పేదాకా.”

“ముక్కు వెనకాల కండ పెరిగింది. అడినాయిడ్స్. అది మనకి ముందే తెలుసు. అది పెరిగి పెరిగి, ముక్కు నుంచి చెవికి పోయే గొట్టాన్ని మూసేసింది. గాలి ఆడక కర్ణభేరి వెనక నీరు చేరింది. చేరి చేరి చిక్కబడింది.”

“గంజిలా.”

“ఆయన జిగురన్నారు.”

“గంజే. మనకి తెలియని గంజా? పడుగుకి పట్టించి ఎక్కడిదక్కడ వదిలేస్తే తెల్లారేసరికి కర్ర అయి కూర్చుంటుంది.”

“అది కుడి చెవి సంగతి. ఎడమ చెవిలో కర్ణభేరి లోపలికి లాక్కుపోయిందిట. ఆ గుంటలో ఏదో పొరలు పొరలుగా పేరుకుని, లోపలి చిన్న ఎముకల్ని తినేస్తోందిట. చెవిలోంచి వచ్చే ఆ వాసన అదేనట.”

“నేను దిండు గలీబనుకుని మూడుసార్లు ఉతికాను.”

“ఆ చెవికి ఆపరేషన్ ఎలాగూ చెయ్యాలిట. వినపడ్డం కోసం కాదు. అది పైకి పాకకుండా.”

“పైకి అంటే?”

“తలలోకి.”

“ఊఁ. చెప్పు.”

“ఇవాళ్టి పరీక్షలో తేలేది ఒక్కటే. లోపలి నరం మిగిలిందా లేదా అని. మిగిలుంటే కండ తీసి, నీరు తీసి, ఎలాగో ఒకలా కొంత వినికిడి తెప్పించొచ్చు. లేకపోతే...”

“లేకపోతే?”

“అక్కడికొచ్చేసరికి ఆయన మాస్కు పైకి లాక్కున్నారు.”

“ఆయన కూడా తెలివైనవాడే.”

“ఏడాదిన్నర, వదినా! ఏడాదిన్నర కిందట ఇదే ఆస్పత్రిలో, ఇదే పరీక్షలో, ఇరవైకి ఇరవై వచ్చింది దానికి. ఇరవైసార్లు శబ్దం వేస్తే ఇరవైసార్లూ చెయ్యెత్తింది. ఆ చార్టు బీరువా తలుపుకి అంటించాను నేను.”

“తెలుసు. వచ్చిన ప్రతివాళ్ళకీ చూపించావు. పాలవాడికి కూడా.”

“ఆయన అడిగాడు.”

“పాలు పల్చగా ఉన్నాయేంటయ్యా అని నేనడిగితే, మాట మార్చడానికి అడిగాడు.”

“ఆ చార్టు చూసే కదా ఈ డాక్టరు, వినికిడి బాగానే ఉంది, కండ వయసుతోపాటు అదే తగ్గిపోతుంది, తొందరపడి కోయడమెందుకు, ఆగి చూద్దాం అన్నది. అది బాగోకపోతే ఆ నెలలోనే తీసేసేవాళ్ళట. మొన్న ఆయనే అన్నారు. అప్పుడే తీసుంటే ఈ లాక్కుపోవడాలూ ఈ తినేయడాలూ ఏవీ ఉండేవి కాదు.”

“మూడు నెలలకి మళ్ళీ తీసుకురమ్మని కూడా అన్నాడాయన.”

“యూనిఫాం గుడ్డ ఆర్డరు మీద ఉన్నాం అప్పుడు. మీ తమ్ముడికి తిండి తినడానికే తీరిక లేదు.”

“నేనెవర్నీ అనట్లేదు.”

“అంటున్నారు.”

“ఆయనన్నాడు అన్నాను.”

“ఇరవైకి ఇరవై వచ్చిన పిల్లని మళ్ళీ ఆస్పత్రికి ఎవరైనా మోసుకొస్తారా? మీరైతే తెచ్చేవారా?”

“తెచ్చేదాన్ని కాదు. అందుకే అనట్లేదు.”

“అసలు వినపడని పిల్లయితే మనకి తెలియదా? ఇంట్లో ముగ్గురం పెద్దవాళ్ళం ఉన్నాం.”

“మనకెలా తెలుస్తుందే? ఆరు మగ్గాల పక్కన కాపురం. ఆ ఇంట్లో ఎవరి మాట ఎవరికి వినపడింది గనక? నేను నీ మూతి చూస్తాను, నువ్వు వాడి చెయ్యి చూస్తావు, వాడు మగ్గం చూస్తాడు. అన్నానికి పిలవాలన్నా సైగే. అది పుట్టినప్పటినుంచీ అదే చూసింది. లోకమంతా ఇలాగే నడుస్తుందనుకుని ఉంటుంది, పాపం.”

“మీవంటే ముప్ఫై ఏళ్ళ మోత తిన్న చెవులు. పోయాయంటే అర్థముంది.”

“పోలేదు. తగ్గాయి. మర్యాదగా చెప్పు.”

“కరెంటు పోయినప్పుడైనా తెలియాలిగా! ఒక్కసారిగా మగ్గాలన్నీ ఆగిపోతే చీమ నడిచినా వినపడుతుంది. ఆ మధ్య అలా ఆగినప్పుడు నేను పెరట్లోంచి గట్టిగా పిలిచాను. మీ తమ్ముడు తిరిగాడు. మగ్గం పనివాడు తిరిగాడు. అది మాత్రం నూలు కండెలు పేర్చుకుంటూ కూర్చుంది.”

“నేనూ తిరగలేదుగా.”

“అవును. మీరిద్దరూ తిరగలేదు. మేనత్త ముద్దులు నేర్పి దీన్ని కూడా మొండిదాన్ని చేసిందని తిట్టుకున్నాను.”

“పైకే తిట్టావు. వాడు చెప్పాడులే.”

“రోడ్డు మీద కూడా అంతే. వెనక ఆటో హారన్ కొట్టి కొట్టి చచ్చిపోతున్నా మధ్యలోంచి జరగదు. రాణిగారిలా నడుస్తోందని జబ్బ మీద ఒకటిచ్చాను.”

“షెడ్డులో చూస్తే ఒక్క తప్పు పట్టడానికి లేదే! నా కండెల బుట్ట పక్కనే కూర్చునేది. ఏ మూల మగ్గం మీద పోగు తెగినా, దాని మీద ఎర్రలైటు వెలిగీ వెలగకముందే ‘ఇక్కడా’ అని చెయ్యెత్తేసేది. మా తమ్ముడి కన్నా ముందు. నేను మురిసిపోయాను, మా ఇంజను కళ్ళు చూడండర్రా అని. కళ్ళు ఇంత చాకిరీ చేస్తున్నాయంటే చెవులేం చేస్తున్నాయీ అని తట్టలేదు నాకు.”

“ఇంజను అనకండి దాన్ని.”

“ఆ పేరు పెట్టింది నువ్వే. రెండో ఏట గురక పెడుతుంటే, గూడ్సుబండి ఇంజనులా ఉందీ అని.”

“ముద్దుకి పెట్టాను.”

“ముద్దుకే నవ్వాం అందరం.”

“చిన్నపిల్లలు గురక పెట్టకూడదని ఎవరు చెప్పారు మనకి? వాళ్ళ నాన్నా పెడతాడు. మా నాన్నా పెట్టేవాడు. మీ సంగతి సరేసరి. వంశం అనుకున్నాను.”

“నోరెప్పుడూ తెరుచుకునే ఉండేది.”

“మూసుకోవే, ఈగలు పోతాయీ అని మీరు రోజుకి పదిసార్లు అనేవారు.”

“మూసుకుంటే దానికి ఊపిరి ఆడదని ఎవరైనా చెప్పుంటే అనేదాన్నా? ఈ రోజుకీ ‘అమ్మా’ అనడం రాదు దానికి. ముక్కు మూసుకుపోయి ‘అబ్బా’ అంటుంది.”

“నేనేదో విసిగించినట్టు.”

“నన్ను మాత్రం ‘అత్తా’ అని శుభ్రంగా పిలుస్తుంది. అందులో ముక్కుతో పని లేదుగా.”

“అదొక గొప్ప మీకు.”

“ఉన్న గొప్పలు చెప్పుకోవాలి.”

“ఆ మీసాల మాస్టారు రాకపోతే ఇప్పటికీ బయటపడేది కాదు.”

“ఆయన్నేగా నువ్వు బడికెళ్ళి దులిపేసొచ్చింది.”

“దులపనా మరి! పాత టీచరమ్మ ‘చక్కటి శ్రద్ధ, కళ్ళార్పకుండా నా మొహమే చూస్తుంది’ అని రాసింది కార్డులో. ఈయన రాగానే డిక్టేషన్లో సున్నా. ‘పిలిస్తే పలకదు, మొద్దు’ అన్నాడు. తర్వాత తిట్టొచ్చాను గానీ, ఆ రోజు మాత్రం నమ్మాను. నమ్మి, ఇంటికొచ్చి రెండు మొట్టికాయలు వేశాను దానికి.”

“మూడు.”

“లెక్కపెట్టారా?”

“పక్కనే ఉన్నాను.”

“అది ఏడవను కూడా లేదు. నా మూతి వంకే చూస్తూ నిలబడింది.”

“ఎందుకు కొట్టావో అందులో కనపడుతుందేమోనని.”

“అలా అనకండి వదినా.”

“సరే, అనను. ఆ మాస్టారిని చూడ్డానికి నేనూ వెళ్ళానుగా. ఆయన మాట్లాడినంతసేపూ మీసం పైకీ కిందికీ ఊగింది తప్ప ఒక్క ముక్క అందలేదు నాకు. అన్నింటికీ సరే సరే అని వచ్చేశాను. ఏం ఒప్పుకున్నానో ఇప్పటికీ తెలియదు. దారిలో తట్టింది. దీనిదీ నా బాపతే ఏమో, ఆ మీసాల్లో పెదాలు కనపడక సున్నాలు తెచ్చుకుంటోందేమో అని.”

“తట్టిన ఎన్నాళ్ళకి చెప్పారు నాకు?”

“మర్నాడే.”

“మర్నాడు కాదు. వారానికి.”

“నాలుగు రోజులకి. చెబుదామని నీ గదిలోకి వస్తే బీరువా మీద ఆ చార్టు. ఇరవైకి ఇరవై వచ్చిన పిల్లకి ఏమిటి నా పిచ్చి కాకపోతే అని వెనక్కొచ్చాను.”

“అదే! అందరం ఆ కాగితాన్ని చూసుకునే ఊరుకున్నాం. కానీ వదినా, ఆ రోజు ఎంత ముచ్చటగా చేసిందనుకున్నారు! ఈ పరీక్షలమ్మాయే. చెవులకి పెద్ద పెద్దవి తగిలించి, పాపా, శబ్దం వినపడగానే చెయ్యెత్తాలి అని రెండుసార్లు చెప్పింది. దీనికి తలకెక్కలేదు. దిక్కులు చూసింది. ఆ అమ్మాయి విసుక్కుంది. నేను ముందుకెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కసారి చెప్పానో లేదో, చటుక్కున పట్టేసింది.”

“ఈ చెప్పు పట్టీ తెగేలా ఉంది చూడు.”

“దానికి మన పద్ధతిలో చెప్పాలి. చేత్తో. ఊరికే నోటితో...”

“వెళ్ళేటప్పుడు కుట్టించాలి. కొత్తవి కొంటే మాత్రం, కాలు పెరుగుతోంది, నాలుగు నెలలు రావు.”

“వదినా, నేను మాట్లాడుతున్నా.”

“అటు తిరిగి మాట్లాడుతున్నావు.”

“మీ వైపే చూస్తున్నాను!”

“అయితే వెలుతురు సరిగ్గా లేదు.”

“పరీక్షలో ఉన్న పాప తాలూకు ఎవరండీ?”

“మేమేనమ్మా. అయిపోయిందా? ఎలా చేసింది?”

“ఇంకా లేదండీ. ఒక చెవి అయింది. పాత చార్టు తెచ్చారా?”

“ఇదిగో. బీరువా మీంచి తీసేటప్పుడు మూల చిరిగింది. మిగతాదంతా బాగానే ఉంది.”

“ఇది ఈ పాపదేనా?”

“అదేం ప్రశ్నమ్మా?”

“పేరు అదే ఉంది. సంతకం కూడా నాదే ఉంది.”

“నీదే. పరీక్ష చేసింది నువ్వే. బంగారుతల్లివి అని నక్షత్రం స్టిక్కరు కూడా ఇచ్చావు.”

“ఆ రోజు పాప ఎక్కడ కూర్చుందో గుర్తుందా?”

“పాత గదిలో. నీ బల్లకి, మెషీనుకి ఎదురుగా. ఈవిడ ఒళ్ళో.”

“మీరెక్కడున్నారు?”

“వాళ్ళ వెనకాల కుర్చీలో. ఎందుకమ్మా?”

“ఏం లేదండీ. ఇప్పుడైతే పిల్లల్ని గోడవైపు తిప్పి కూర్చోబెడుతున్నాం. తోడు ఎవర్నీ ఉంచట్లేదు.”

“అదే అడుగుతున్నా. ఎందుకుంచట్లేదని?”

“కొంతమంది సాయం చేస్తుంటారు.”

“సాయమా?”

“పిల్లకి మంచి మార్కులు రావాలని. నేను మీట నొక్కడం చూసి, పిల్ల మోకాలు నొక్కుతారు, నడుం మీద గిల్లుతారు. ఇది బడి పరీక్ష కాదండీ అని ఎంత చెప్పినా వినరు. మిమ్మల్నని కాదు. అందరూ ప్రేమతోనే చేస్తారు.”

“అంటే ఆ చార్టు తప్పా?”

“నేను చెప్పకూడదండీ. డాక్టరుగారు చెబుతారు.”

“ఒక్క మాట. ఇవాళ ఎడమ చెవికి ఎన్నిసార్లు ఎత్తింది చెయ్యి?”

“డాక్టరుగారు...”

“ఆయన మాస్కు పెట్టుకుంటారు. నువ్వు చెప్పు.”

“ఎత్తలేదండీ.”

“తక్కువసార్లు ఎత్తిందా?”

“ఒక్కసారి కూడా ఎత్తలేదు. చెవి వెనక ఎముక మీద పెట్టి కూడా చూశాను. నరం సంగతి తెలిసేది అందులోనే. ఇంకోసారి చూస్తాను. ముందు కుడిది చెయ్యాలి. కూర్చోండి.”

“వదినా.”

“ఊఁ.”

“విన్నారా?”

“చూశాను.”

“ఎడమది పోయింది.”

“ఇంకోసారి చూస్తానందిగా.”

“మొహం చాటెయ్యడానికి అంది. మీకు తెలియదా? పోగు తెగిపోయాక మీరు మాత్రం, ఉండు చూస్తానని అనరూ?”

“అంటాను.”

“చూసి ఏం చేస్తారు?”

“ముడి వేస్తాను. ఇక్కడ ముడి కుదరదు.”

“దాన్ని మగ్గాల్లోకి రానివ్వకూడదనుకున్నాను వదినా. మీకు చెప్పలేదు గానీ, నా పంతం అదే. బాగా చదివించి, ఈ మోత లేని చోటికి పంపించెయ్యాలని.”

“నాకు తెలుసు.”

“ఎలా తెలుసు?”

“నువ్వు దాన్ని నా బుట్ట దగ్గర్నుంచి లేపుకుపోయేటప్పుడల్లా నీ మొహం చూసేదాన్ని. ఇంక ఆ బెంగ లేదు. ఎక్కడికెళ్ళినా దానికి మోత ఉండదు.”

“ఆ మాట అనడానికి నోరెలా వచ్చింది మీకు?”

“రాకూడదు. వచ్చింది. నీళ్ళు తాగుతావా?”

“వద్దు. సాయం చేశారట. ఎవరు చేశారు సాయం? అది మీ ఒళ్ళోనే కదా ఉంది?”

“ఉంది.”

“మీ చేతులెక్కడున్నాయి?”

“నా దగ్గరే ఉన్నాయి. ఎక్కడుంటాయి?”

“హాస్యాలొద్దు. దాని మోకాలు నొక్కారా మీరు?”

“ఆ శబ్దం నాకు వినపడితే కదే నొక్కడానికి! తగిలించింది దాని చెవులకి, నా చెవులకి కాదు.”

“ఆ అమ్మాయి మీట నొక్కడం కనపడుతుందిట. మీకు అన్నీ కళ్ళతో కనిపెట్టే అలవాటేగా.”

“నీకూ కనపడుతుంది.”

“నేను వెనకాల ఉన్నాను!”

“అవునులే. వెనకాలే ఉన్నావు.”

“ఏంటా అనడం?”

“ఏమన్నాను? వెనకాల ఉన్నావన్నాను.”

“వదినా, నా మొహం చూసి చెప్పండి. నొక్కారా లేదా?”

“లోపల పిల్లకి పరీక్ష జరుగుతోంది. అరవకు.”

“తలుపు మందం మీరే చెప్పారుగా. నొక్కారా?”

“ఇప్పుడు తెలుసుకుని ఏం చేస్తావు? తినేసిన ఎముకలు మళ్ళీ మొలుస్తాయా?”

“నాకు తెలియాలి. ఇంటికెళ్ళగానే మీ తమ్ముడు అడుగుతాడు, ఎవరివల్ల జరిగిందీ అని. నేనేం చెప్పను?”

“వాడు అడగడు. వాడికి అన్ని మాటలు రావు.”

“అడక్కపోతే ఇంకా కష్టం. నాకు కావాలి వదినా. ఎవరివల్లా కాకుండా పిల్ల చెవి పోయిందంటే నాకు నిద్ర పట్టదు. ఎవరో ఒకరు చేసుండాలి.”

“ఎవరో ఒకరు కావాలా?”

“కావాలి.”

“నేనైతే నిద్ర పడుతుందా?”

“అంటే?”

“అడుగుతున్నా. నేనే అయితే నీకు నిద్ర పడుతుందా అని.”

“నొక్కారా?”

“నొక్కాను.”

“ఎన్నిసార్లు?”

“ఎన్నిసార్లేంటి? ఇరవై. ఇరవైకి ఇరవై వచ్చిందిగా.”

“నేననుకున్నాను! ఆ అమ్మాయి అలా అనగానే అనుకున్నాను! మీకు అది ఎప్పుడూ అందరికన్నా ముందుండాలి. షెడ్డులో లైట్లు చూడ్డంలో ముందే, కండెలు పేర్చడంలో ముందే, ఆఖరికి చెవుల పరీక్షలో కూడా ముందే. మీ ఒక్క సరదాకి దాని చెవి పోయింది.”

“ఊఁ.”

“ఊఁ అంటారేంటి? కన్నతల్లి అయితే చేస్తుందా అలాంటి పని? ఒక్క పిల్లని కనుంటే తెలిసేది మీకు.”

“అది అందింది.”

“వదినా...”

“అందిందిలే. ఇటు తిరిగే అన్నావుగా.”

“ఏదో కోపంలో వచ్చేసింది.”

“కోపంలోనే వస్తుంది. వాడితో నేనే చెబుతాను. మగ్గాలు ఆపించి చెబుతాను, లేకపోతే అరిచి రెండుసార్లు చెప్పాల్సొస్తుంది. ఈ మాట ఒక్కసారి చెబితే చాలు. నువ్వు మధ్యలోకి రాకు.”

“మిమ్మల్ని ఏమంటాడో.”

“ఏమంటాడు? అటు తిరిగి అంటాడు. నాకు అందదు. ఒక్కటి మాత్రం విను. ఆ పిల్లని ఏమీ అడక్కు.”

“ఏం అడక్కూడదు?”

“ఆ రోజు సంగతి. చిన్నపిల్ల. దానికేం గుర్తుంటుంది? అనవసరంగా బెదరగొట్టకు.”

“అడిగితే ఏం?”

“అడక్కన్నానా. అంతే. నేను ఒప్పుకున్నానుగా, ఇంకేం కావాలి నీకు?”

“అయిపోయిందండీ. రా పాపా. కుడి చెవిలో సగానికి పైనే అందట్లేదు. నీరు తీశాక కొంత తిరిగి రావచ్చు. ఎడమది రెండోసారి కూడా చూశాను. ఈ కాగితం పట్టుకెళ్ళి డాక్టరుగారి గది దగ్గర కూర్చోండి. పాపా, ఇదిగో నీ నక్షత్రం.”

“ఒక్కసారి కూడా చెయ్యెత్తకపోయినా నక్షత్రమేనా అమ్మా?”

“కుడిదానికి ఎత్తిందండీ, పాపం, వినపడిన కాసినిసార్లూ. నా లెక్కలో ఇదే మొదటిసారి సరిగ్గా చెయ్యడం. నేను లోపలికి వెళ్ళాలి, ఇంకా ఆరుగురున్నారు.”

“అత్తా! చెప్పులు!”

“ఇదిగో. కాలు పెట్టు. అబ్బో, నక్షత్రం ఎంత బాగుందో! పద, పద, నీళ్ళు తాగి డాక్టరు దగ్గరికి వెళదాం.”

“ఆగండి వదినా. నువ్వు ఇటు రా. అమ్మ మూతి చూడు. పాత గది గుర్తుందా? పెద్ద బల్ల? అత్త ఒళ్ళో కూర్చున్నావు?”

“వద్దే. పద.”

“అత్త నీ మోకాలు ఇలా నొక్కిందా? చెయ్యెత్తమని? ఇలా?”

“అత్తా?”

“అవును, అత్త. భయం లేదు, చెప్పు.”

“అత్త చేతుల్లో చెప్పులున్నాయిగా. రెండు చేతుల్లో రెండు. ఇవాళలాగే.”

“ఇక చాలు. పిల్లకి దాహంగా ఉంది.”

“ఉండండి. మరి నొక్కకపోతే ఆ రోజు అన్నిసార్లు ఎలా ఎత్తావే? ఇవాళ ఎందుకు ఎత్తలేదు?”

“ఇవాళ గోడకేసి కూర్చోబెట్టేసిందబ్బా ఆ అక్క, మెషీను మీద ఎర్రలైటు ఎలా కనపడుద్ది? ఆ రోజు నువ్వు చెప్పావుగా, చేత్తో చూపించావుగా, మన షెడ్డులోలాగే, లైటు వెలిగినప్పుడల్లా చెయ్యెత్తమని!”